ఇంజక్షన్ గారికి, జాకెట్లు కుట్టుకునే మనిషి రాయునది

స్టెరాయిడ్ ఇంజక్షన్ గారూ,

శ్రీకాకుళం నుంచి రాస్తున్నాను. కుడి చేతికి కట్టుంది కాబట్టి ఎడం బొటనవేలితో ఫోన్లో కొడుతున్నాను, తప్పులుంటే అందులో మీకూ వాటా ఉంది.

మన పరిచయం దసరా ముందు. రాత్రి రెండింటికి చెయ్యి తిమ్మిరెక్కి లేచి, థర్మామీటరు విదిల్చినట్టు విదిల్చుకుంటూ వసారాలో తిరిగేదాన్ని. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరం వేలు సగం మొద్దుబారేవి, చిటికెనవేలు మాత్రం హాయిగా ఉండేది, దాని నరం వేరే దారిలో వస్తుందట. మా అప్ప దిష్టంది, ఉప్పు తిప్పింది. నరాల పరీక్ష చేస్తే కార్పల్ టన్నెల్ అని తేలింది. మణికట్టు దగ్గర ఎముకలకీ చర్మం కింది అడ్డపట్టీకీ మధ్య చిన్న సందు, అందులోంచి వేళ్లు ముడిచే 9 టెండన్లూ (కండని ఎముకకి కట్టే తాళ్లు), ఆ మొద్దుబారే వేళ్లకి వెళ్లే మీడియన్ నరమూ దూరాలి, పండగ పూట కాంప్లెక్సులో పాలకొండ బస్సు ఎక్కే జనంలాగా. వాపొస్తే నలిగేది నరమే. రాత్రిళ్లు కట్టుకోమని ఒక పట్టీ ఇచ్చారు, పాపం మంచిదే, నా తిమ్మిరి దానికి లొంగలేదు.

అప్పుడొచ్చారు మీరు. ఎంత మర్యాద! కోత లేదు, కుట్టు లేదు, ఐదు నిమిషాల పని. వారం తిరక్కుండా నిద్ర పట్టింది. అరసవల్లిలో మీ పేర కొబ్బరికాయ కొడదామనుకున్నాను. తీరా సంక్రాంతి జాకెట్లు గుట్టలుగా వచ్చి పడే వేళకి మీరు మాయం, అత్తారింట్లో పని పడగానే ఊరెళ్లిపోయే అల్లుడిలాగా. మళ్లీ పిలిచాం, వచ్చారు, వస్తూ వస్తూ నాలుగైదు రోజులు నా సుగరు ఆకాశంలో పెట్టారు. ఉగాదికి మళ్లీ అదే వసారా, అదే విదిలింపు.

మా చిన్నోడు ఫార్మసీ చదువుతున్నాడు, మీ జాతకం వాడే తీశాడు. 2013లో స్వీడన్ వాళ్ల లెక్క: పది వారాలకి మీరే హీరో, ఏడాది తిరిగేసరికి 80 మిల్లీగ్రాముల సూది వేయించుకున్న వాళ్లలో 73 శాతం మంది ఆపరేషన్ బల్ల ఎక్కారు. మందు లేని ఉత్తుత్తి సూది వాళ్లలో 92 శాతం, అంటే మీరు పూర్తిగా దండగ అనలేను. 2025లో నెదర్లాండ్స్‌లో 934 మందిని చూశారు. ఏడాదిన్నరకి, ఆపరేషన్‌తో మొదలెట్టిన వాళ్లలో 61 శాతం కోలుకుంటే మీతో మొదలెట్టిన వాళ్లలో 45.

అయినా ఎందుకు మిమ్మల్నే పిలిచానంటారా? ఆపరేషన్ ఖర్చు కంటే ఆ తర్వాత ఖాళీగా కూర్చునే వారాల ఖర్చు ఎక్కువండీ నాకు. అది మీకు బాగా తెలుసు.

కానీ ఒకరోజు హుక్కు కుడుతుంటే సూది జారిపోయింది, జారినట్టు కూడా తెలియలేదు. చూస్తే బొటనవేలి కింద కండ గుంట పడుతోంది. నొప్పి తగ్గిందని మురిసిపోతున్నాను, పోతున్నది స్పర్శ! అడ్డపట్టీ కోసి సందు వెడల్పు చేస్తామని డాక్టర్ అనగానే నాకు సిగ్గేసింది. చేతులు బిగుతైన జాకెట్ తెస్తే నేనేం చేస్తాను? నాలుగు రోజులు అన్నం మానెయ్యమ్మా అని పంపుతానా, కుట్టు విప్పి లూజు చేస్తాను. మీరు చేసింది చెయ్యి సన్నం చెయ్యడం. ఇరవయ్యేళ్లుగా ఊరందరికీ చేసే పని నా మణికట్టుకి చేయించుకోవడానికి ఇన్నాళ్లు భయపడ్డాను.

కత్తి గారినీ పొగడను లెండి. చెయ్యి మొద్దుబార్చి పావుగంటలో కానిచ్చి ఇంటికి పంపేశారు గానీ, అరచేయి మొదట్లో ఇంకా సలుపుతోంది, పిడికిలి పట్టు రావడానికి నెలలు పట్టొచ్చన్నారు, కత్తెర ముట్టుకోనివ్వడం లేదు. కానీ రాత్రి నిద్రపోతున్నాను.

పక్కింటి కోడలికి ఎనిమిదో నెల, ఆ పిల్లకీ ఇదే తిమ్మిరి. కాన్పయ్యాక చాలామందికి దానంతటదే తగ్గుతుందట. అంతవరకు పట్టీ చాలకపోతే, డాక్టర్ సరేనంటే, అక్కడ మీకు గౌరవంగా పని దొరుకుతుంది.

నా ఎడం చెయ్యి కూడా మొన్న రాత్రి ఒకసారి జివ్వుమంది. వినే ఉంటారు, తలుపు దగ్గరే నిలబడి ఉంటారు కూడా. సంక్రాంతి ఇంకా చాలా దూరం ఉంది, ఈసారి రాకండి.

ఇట్లు,
కుడి చేత్తో సంతకం పెట్టలేని టైలరమ్మ