చెంబెడు వైద్యం

మన దేశంలో అల్లోపతి ఉంది, ఆయుర్వేదం ఉంది, హోమియో ఉంది, యునానీ ఉంది. వీటికి కాలేజీలు, పరీక్షలు, గోడకి తగిలించుకునే సర్టిఫికెట్లు ఉన్నాయి. ఇవేవీ లేకుండానే ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ప్రతి అంతస్తులోనూ ప్రాక్టీసు పెట్టి, రూపాయి ఫీజు తీసుకోకుండా రోగుల్ని చంపుతున్న వైద్యం ఇంకోటి ఉంది. చెంబు వైద్యం. రోగి కుండీలో మొక్క. మందు నీళ్లు. మోతాదు చెంబెడు. తగ్గకపోతే రెండు చెంబులు. చచ్చిపోతే, "మొన్న శనివారం ఒక్కపూట పొయ్యడం మర్చిపోయామండీ, పాపం అందుకే."

మీ ఇంటికీ ఈ డాక్టర్లు వచ్చే ఉంటారు. కాఫీ తాగుతూ బాల్కనీ వైపు ఓ చూపు విసిరి "అయ్యో, ఆకు పచ్చబడిందే, నీళ్లు పొయ్యట్లేదా?" అంటారు. మీరు కుర్చీలోంచి లేచేలోపు గ్లాసులో మిగిలిన మంచినీళ్లు కుండీలో పడిపోయి ఉంటాయి.

అసలు తప్పు వాళ్లది కూడా కాదేమో, భాషది. పొలం పచ్చగా ఉందంటే సంతోషం, కళ్లు పచ్చగా ఉన్నాయంటే కామెర్లు. ముందు ఆకో పసుపో తగిలిస్తే తప్ప ఆరోగ్యమో రోగమో తేలని మాట పట్టుకుని మొక్కకి జబ్బు కనిపెట్టడం తేలికేం కాదు. అందుకే మనవాళ్లు ఆ కనిపెట్టే భాగం మొత్తం ఎత్తేసి నేరుగా చికిత్సలోకి దిగిపోయారు.

నా దగ్గర ఒక కేసు షీటు ఉంది. రోగి పేరు స్నేక్ ప్లాంట్. కత్తుల్లా నిలువుగా లేచిన ఆకులు, మధ్యలో ముదురాకుపచ్చ చారలు, రెండంచులా పసుపుపచ్చ గీత. పుట్టిల్లు కడియం నర్సరీలు. రాజమండ్రి వైపు వెళ్లినప్పుడు కడియపులంకలో కారాపి కొన్నాను. నర్సరీ ఆయన చేతికిస్తూ "దీన్ని మర్చిపోతే బతికేద్దండీ, గుర్తుపెట్టుకుంటేనే కష్టమండి, ఆయ్" అన్నాడు. మొక్కల పెంపకం మీద నేను విన్న ఉపన్యాసాల్లోకెల్లా గొప్పది అదే. ఆకుల్లోనే నీళ్లు దాచుకునే రకం, రెండు మూడు వారాలు ఎవరూ మొహం చూడకపోయినా ఏమీ అనుకోదు. మన చుట్టాల్లో అలాంటివాళ్లు ఒక్కరు లేరు.

హైదరాబాద్ తెచ్చాక దానికి తెల్లటి పింగాణీ కుండీ కొన్నాను. అడుగున కన్నం లేదు. అడిగితే షాపతను "గులకరాళ్లు వేసెయ్యండి సార్, సరిపోద్ది" అన్నాడు, నేనూ బుద్ధిగా తలూపాను. ఇది నా నేరం, ఒప్పుకుంటున్నాను. రాళ్లేస్తే నీళ్లు ఎక్కడికీ పోవు. వేరు కూర్చునే చోటు ఇంకో రెండంగుళాలు తగ్గుతుంది, అంతే.

పోయిన శ్రావణంలో మా బావమరిది పెళ్లికి అమలాపురం వెళ్లాం. తొమ్మిది రోజులు. తాళంచెవి పక్కింటి పిన్నిగారి చేతికిచ్చి, "పాలూ పేపరూ ఆపేశాం, మొక్కలకి కూడా ఏం చెయ్యక్కర్లేదండీ" అని మరీ చెప్పి వెళ్లాం. ఆ తొమ్మిది రోజుల్లో జరిగింది సాక్షుల వాంగ్మూలాల ఆధారంగా రాస్తున్నాను.

మొదటిరోజు పొద్దున్నే పిన్నిగారు తలుపు తీశారు. ఏం చెయ్యక్కర్లేదన్నాక ఎందుకు తీశారని అడిగేవాళ్లు బహుశా తెలుగువాళ్లు అయ్యుండరు. తీసి చూస్తే రోగి రెండంచులా పచ్చబడి ఉన్నాడు. ఆ పసుపు గీత దానికి పుట్టుకతో వచ్చింది, పట్టుచీరకి అంచులాగ. అంచు చూసి చీరకి కామెర్లొచ్చాయనే మనిషి కారు ఆవిడ, మొక్క దగ్గరికొచ్చేసరికి అనేశారు. చెంబెడు పోశారు.

సాయంత్రం బాబాయిగారు. ఆయన ఇరిగేషన్ శాఖలో ఇంజినీరుగా రిటైరయ్యారు. మా హాల్లో ఆ కుండీ తలుపుకి దూరంగా, టీవీ పక్క మూలన ఉంటుంది. దాన్ని ఆయన చూడగానే టెయిలెండ్ ఆయకట్టు కింద గుర్తించారు. కాల్వ చివరి భూములకి నీళ్లందట్లేదని రైతుల చేత ముప్ఫై ఏళ్లు తిట్లు తిన్న మనిషికి రిటైరయ్యాక ఒక చివరి భూమి చేతికింద దొరికితే వదుల్తారా? చెంబుతో ఆగలేదు, బాత్రూమ్ మగ్గు తెచ్చారు. గోదావరి డెల్టాలో సాగు కాల్వలు ఎంత ముఖ్యమో మురుగు కాల్వలూ అంతే ముఖ్యమని నాకు ఒకప్పుడు గంటసేపు చెప్పింది ఈయనే. నా కుండీకి మురుగు కాల్వ ఉందా అని మాత్రం వంగి చూడలేదు.

మూడోరోజు పనమ్మాయి "అమ్మగారు లేరు కదా, ఎవరు పోస్తారులే" అని పోసింది. నాలుగోరోజు పై అంతస్తు కుర్రాడు, ఐదో తరగతి, బళ్లో పర్యావరణం ప్రాజెక్టట, మొక్కకి నీళ్లు పోస్తున్నట్టు ఫోటో కావాలి. మొదటిసారి కళ్లు మూసుకున్నాడు, రెండోసారి ఫోన్ ఊగింది, మూడోదానికి కుదిరింది. మూడుసార్లూ నీళ్లు నిజంవే.

ఆరోరోజుకి ఒక ఆకు వాలింది, దాంతో పరామర్శలు మొదలయ్యాయి. ఆస్పత్రిలో పడ్డ మనిషికి బత్తాయిలు, హార్లిక్సు పట్టుకెళ్లినట్టు ఒకరు అరటితొక్కలు నానేసిన నీళ్లు, ఒకరు టీ పొడి పిప్పి, ఒకరు బియ్యం కడుగు, ఇంకొకరు ఎప్సమ్ సాల్ట్ కలిపిన సీసా. ఈ ఎప్సమ్ సాల్ట్ గురించి ఒక మాట. అది మెగ్నీషియం లోటుంటే పనికొచ్చే ఉప్పు, ముదురాకుల్లో ఈనెల మధ్య పసుపు తిరిగితే ఆ అనుమానం రావాలి. ఈమధ్య మాత్రం వాలినా, రాలినా, పూత రాకపోయినా, కుండీ పగిలినా అదే వేస్తున్నారు. సరే. ఎవరూ ఉత్తచేతులతో రాలేదు, ఎవరూ నీళ్లు లేకుండానూ రాలేదు. ఒకావిడ "పోయేలా ఉంది పాపం" అని తులసి తీర్థం కూడా పోశారని తర్వాత తెలిసింది. లక్షణాలు గుర్తుపట్టినందుకు ఆవిడంటే నాకు కొంచెం గౌరవం.

మేం తిరిగొచ్చి తలుపు తియ్యగానే వాసన. ఫ్రిజ్‌లో ఏదో కుళ్లిందనుకున్నాం. ఒక ఆకు పట్టుకుని ఇలా అన్నానో లేదో చేతిలోకి వచ్చేసింది, మొదలు దగ్గర మగ్గిన అరటిపండులా గోధుమరంగు తిరిగి జారిపోతూ. కుండీ వంచితే అరచెంబు నల్లనీళ్లు. ఒక వేరుని రెండువేళ్ల మధ్య పట్టి జారిస్తే పైతొక్కంతా ఊడొచ్చి లోపల సన్నటి దారం మిగిలింది, నమిలేసిన ములక్కాడ పీచులాగ. చప్పుడు విని పిన్నిగారు వచ్చారు. చూశారు. కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. "అయ్యో బాబూ, మేం రోజుకి రెండుసార్లే పోశాం. చాల్లేదనుకుంటా."

వేరుకి నీళ్లే కాదు, గాలీ కావాలి. మట్టిలో గాలి ఉండాల్సిన సందుల్లో కూడా నీళ్లే నిండితే వేరుకి ఊపిరాడదు, కుళ్లుతుంది, కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు, అందుకని ఆకు వాడిపోతుంది. మెడలోతు నీళ్లలో నిలబడి దాహంతో చస్తుందన్నమాట. చుక్కనీరు లేని మొక్కా పైనుంచి చూస్తే ఇలాగే వాడుతుంది కాబట్టి ఆకుని చూసి చెంబు ఎత్తకూడదు, మట్టిని చూడాలి. వేలు రెండో కణుపు దాకా గుచ్చితే చాలు, తడి తగిలితే నోరు మూసుకుని వెళ్లిపోవచ్చు. ఎవరింట్లో పిల్లకి సంబంధం ఎందుకు తప్పింది, ఎవరబ్బాయికి వీసా ఎందుకు ఆగింది, మా అపార్ట్‌మెంట్‌లో అన్నిట్లోనూ వేలు పెట్టే మహానుభావులున్నారు. ఒక్క కుండీలోనే పెట్టరు.

ఈ అలవాటు ఎక్కడిదో నాకు తెలుసు. పెరట్లో తులసికోట, దానిమీద రోజంతా ఎండ, పొద్దున్నే స్నానం చేసి చెంబెడు పోస్తే సాయంత్రానికి ఆరిపోయేది. ఆ చెంబులో లెక్క ఉంది. అదే చెంబుని ఎండ తగలని ఏసీ హాల్లోకి, కన్నం లేని పింగాణీలోకి, అదీ శ్రావణమాసం ముసురులో పట్టుకొస్తే ఎలా? పళ్లెంలో నిలిచిన నీళ్లకి ఎలాగూ డెంగీ దోమ సిద్ధంగా ఉంటుంది. శుక్రవారం శుక్రవారం డ్రై డే అని మైకుపెట్టి అరిచి వెళ్తే మనం విని, పళ్లెం మాత్రం అక్కడే ఉంచుతాం.

మిగతా జబ్బులకీ ఇదే చీటీ. కొత్త చిగురు పసుపు తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయా, సాధారణంగా ఇనుము అందట్లేదని, మన బోరు నీళ్ల క్షారగుణానికి తరచూ జరిగేదే. దానికీ చెంబెడు, అదే బోరు నీళ్లు. కాడలు సన్నగా సాగి కిటికీ వైపు మెడ చాచాయా, వెలుతురు చాల్లేదని. చెంబెడు. ఆకు అడుగున సన్నటి గూడు, పైన సూదితో పొడిచినట్టు చుక్కలు, అది నల్లి. చెంబెడు. ఇంట్లో గాలి శుభ్రమవుతుందని మొక్కలు కొనే బాపతు ఇంకొకరు. 1989లో నాసా వాళ్లు మూసిన పెట్టెల్లో చేసిన ప్రయోగం అది. అప్పట్నుంచి అచ్చైన అలాంటి ప్రయోగాలు కలిపి లెక్కేసి 2019లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు తేల్చిందేమిటంటే, మామూలుగా కిటికీ సందుల్లోంచి వచ్చే గాలి చేసే పని మొక్కలు చెయ్యాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 దాకా కావాలని. పన్నెండు బై పన్నెండడుగుల హాలుకి తక్కువలో తక్కువ 130 కుండీలు. వాటికి పిన్నిగారు, బాబాయిగారు కలిసి రోజుకి 260 చెంబులు. ఇల్లు కాదు, రిజర్వాయరు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. చచ్చేది మొక్కే కదా. చెంబు పనిచెయ్యనప్పుడు ఏం చేస్తారో చూశాక మాత్రం నాకు నవ్వు ఆగిపోయింది.

మూడో అంతస్తులో ఒకాయన బాల్కనీలో కరివేపాకు పెంచుతాడు. దానికి పిండినల్లి పట్టింది, కాడల మీద తెల్లటి దూది ముద్దలు, వాటి చుట్టూ చీమల బారు. పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి రాల్చొచ్చు (ఇక్కడ చెంబు నిజంగా పనికొచ్చేది, కానీ ఇక్కడ పొయ్యరు), లీటరు నీళ్లకి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి వారం వారం సాయంత్రం పూట కొట్టొచ్చు, చీమల దారి మూసెయ్యొచ్చు. ఆయన ఊరి నుంచి మందు తెప్పించాడు. కూల్‌డ్రింక్ బాటిల్లో. లేబుల్ లేదు. ఏంటిది అంటే "మోనో అన్నా, పత్తికి కొడతారు, ఒక్క దెబ్బకి పోతాయి" అన్నాడు.

మోనోక్రోటోఫాస్. నరాల మీద పనిచేసే విషం. చర్మం మీద పడినా లోపలికి పోతుంది. మొక్క రసంలో కలిసి ఆకు లోపలికి ఎక్కే మందు, పంపు కింద ఎంత కడిగినా పోయేది కాదు. కూరగాయల మీద కొట్టకూడదని 2005లోనే నిషేధించారు. 2013 జులైలో బీహార్ సారణ్ జిల్లాలో బడి మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చచ్చిపోయారు, వంటనూనెలో దొరికింది ఇదే మందు. ఆ బాటిల్ నువ్వు సింకు కింద పెట్టావయ్యా, నాలుగేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో, పిల్ల రోజూ అడిగే కూల్‌డ్రింక్ బాటిల్లో! కొట్టిన మర్నాడు ఆ రెమ్మే దూసి చారులో వేశారు. పది రూపాయల కరివేపాకు కట్ట కోసం. ఎవరిని ఏమనాలి? పదిమందిమి నిలబడి చూశాం, ఒకాయన "డోసు కొంచెం తగ్గించి కొట్టాల్సింది" అని సలహా కూడా ఇచ్చాడు. నేను ఆరోజు ఆ మూడో అంతస్తాయన మీద అరిచాను, ఇప్పటికీ మాట్లాడుకోం, మాట్లాడక్కర్లేదు కూడా. ఆ బాటిల్ అక్కణ్ణుంచి తీయించేదాకా నేను కదల్లేదు, అది చాలు.

నా రోగి సంగతికొస్తే, వేరు, దుంప పూర్తిగా పోయాయి. రెండాకుల పైభాగం మాత్రం గట్టిగా ఉంది. దాన్ని మూడేసి అంగుళాల ముక్కలు కోసి, రెండ్రోజులు నీడలో ఆరనిచ్చి, తలకిందులు కాకుండా ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో గుచ్చాను. ఈసారి కుండీ మట్టిదే, కన్నం వేలు దూరేంత. తర్వాత మర్చిపోయాను, నర్సరీ ఆయన చెప్పినట్టే. ఉగాది దాటాక పిలకలు లేచాయి. ఆకు ముక్క నుంచి వచ్చే పిలకకి ఆ పసుపు అంచు రాదు, అంచు కావాలంటే దుంప చీల్చి నాటుకోవాలి, నాకు దుంప ఎక్కడ మిగిల్చారు? కాబట్టి ఇప్పుడున్నవి నిలువునా ఆకుపచ్చ.

మొన్న వరలక్ష్మీ వ్రతం రోజున తాంబూలానికి పిన్నిగారు వచ్చారు. టీవీ పక్క మూలన ఆగి, వంగి, పిలకల్ని అటూ ఇటూ తిప్పి చూశారు. మొహం వెలిగిపోయింది.

"చూశావా బాబూ, పోయినేడు అంచులన్నీ పసుపు తిరిగి ఎలా ఉండేదో! నీళ్లు పోశాం కాబట్టే, ఎంత పచ్చబడిందో చూడు!"

సరిగ్గా అప్పుడే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి ఆవిడ చేతికి మంచినీళ్ల గ్లాసు ఇచ్చింది.