మూడో అంతస్తులో 5 శాతం

సోమవారం ఏ కలెక్టరేట్ దగ్గరైనా కనిపించే దృశ్యమే. మూడు చక్రాల బండి మెట్ల కింద ఆగుతుంది. మనిషి అందులోనే ఉండిపోతాడు. భార్య లామినేషన్ చేయించిన సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్టు, నాలుగు జిరాక్సులు, అర్జీ పట్టుకుని పైకి వెళ్తుంది. ఇల్లు రాలేదని కాదు ఆ అర్జీ. వచ్చింది, మూడో అంతస్తులో వచ్చింది. కింది ఇల్లు మార్చి ఇప్పించమని అడగడానికి వచ్చారు. అర్జీ తీసుకుంటారు, రసీదు ఇస్తారు. ‘పరిశీలనలో ఉంది’ అని సెల్లుకు మెసేజి వస్తుంది.

రికార్డులో చూస్తే ఈ కుటుంబానికి అన్యాయం జరగనే లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 37వ సెక్షన్ గృహనిర్మాణ పథకాల్లో 5 శాతం రిజర్వు చేయమంది, అందులో మహిళలకు ప్రాధాన్యం ఇవ్వమంది. 40 శాతానికి పైగా వైకల్యం ఉందని డాక్టర్లు రాశారు, కోటాలో పేరు వచ్చింది, లాటరీలో నంబరు పడింది, ఫైలు ముగిసింది. వైకల్యాన్ని కోటా లెక్కకు వాడుకున్నారే తప్ప, ఆ మనిషికి ఎలాంటి ఇల్లు పనికొస్తుందో దరఖాస్తు రోజున ఎవరూ అడగలేదు.

కింది ఇళ్లు లేక కాదు. ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదలకిచ్చే టిడ్కో ఇళ్లు జి ప్లస్ 3 పద్ధతిలో, నేల మీద ఒక వరస, దానిపై మూడు అంతస్తులుగా కట్టినవి. అంటే నాలుగిళ్లలో ఒకటి నేల మీదే. 25 శాతం ఇళ్లు కింద ఉండగా 5 శాతం మందిని అక్కడ సర్దలేకపోయారంటే, అది లెక్క రాక కాదు, లెక్క వేయక. కేంద్ర పట్టణ ఆవాస్ యోజన మార్గదర్శకాలు సైతం దివ్యాంగులకు, వృద్ధులకు కింది అంతస్తుల్లో ప్రాధాన్యం ఇవ్వమనే చెప్పాయి. ముందు వీళ్లకు కింది ఇళ్లు తీసి పక్కన పెట్టి, ఆ తర్వాత లాటరీ తీస్తే సరి. దమ్మిడీ ఖర్చు లేదు. కింది వాటా మీద కన్నేసిన స్థానిక పెద్దలకు మాత్రం కాస్త కష్టమే.

తెలంగాణలో ప్రజాపాలన దరఖాస్తు తీసి చూడండి. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా ఊరూరా తీసుకున్న ఆ ఒక్క ఫారంలోనే ఇందిరమ్మ ఇళ్లూ ఉన్నాయి, చేయూత పింఛనూ ఉంది. సదరం నంబరు అడిగింది పింఛను గడిలో. ఇంటి గడిలో కాదు.

సొంత జాగాలో కట్టుకునేవారి సంగతి ఇంకోలా ఉంటుంది. ఇందిరమ్మ ఇళ్లలో బేస్‌మెంట్ లేచాకే మొదటి లక్ష చేతికొస్తుంది. పింఛను మీద బతికే మనిషికి అప్పటిదాకా అప్పిచ్చేదెవరు? పోనీ, పుట్టిందే అనుకుందాం. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలు ఉంటేనే చక్రాల కుర్చీ సాఫీగా ఎక్కుతుంది. రెండడుగుల బేస్‌మెంట్‌కు 24 అడుగుల ర్యాంపు కావాలన్నమాట. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో పంచిన ఒక సెంటు స్థలం 48 గజాలు. చదరంగా ఉన్నా పక్కకు 21 అడుగులే. ర్యాంపు ఎక్కడ దిగాలి, వీధిలోనా? పునాది తవ్వకముందే తేలాల్సిన సంగతి ఇది. గడప దాటినా స్నానాల గది తలుపు దగ్గర కుర్చీ మళ్లీ ఇరుక్కుంటుంది. సౌకర్య ప్రమాణాలు సలహాలుగా మిగిలితే చాలదు, తప్పనిసరి కావాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తేల్చి చెప్పింది. బిల్లు కోసం ఇంజినీరు సెల్లులో ఎక్కించే ఫొటోల్లో బేస్‌మెంట్‌కు చోటుంది. ర్యాంపు ఫొటో కూడా అడగాలి.

ఇక సదరంలోకి రాని రోగుల మాట. చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో కిడ్నీ జబ్బు లేదు. డయాలసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగేసి గంటలు మంచం మీద ఉండాల్సిన మనిషికి ఊరవతల కాలనీలో ఇల్లిస్తే బస్సు చార్జీలకే సగం బతుకు పోతుంది. కిడ్నీ జబ్బులతో అల్లాడే ఉద్దానం ఉన్న రాష్ట్రానికి ఇది వేరే చెప్పాలా? పైగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డయాలసిస్ రోగులకు నెలకు 10,000, మంచానికే పరిమితమైన వారికి 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. ఆ జాబితాలు దాని దగ్గరే ఉన్నాయి. పింఛను శాఖకు తెలిసిన మనిషి గృహనిర్మాణ శాఖకు తెలియకపోవడం ఏమిటి?

కొత్త విడత మంజూర్లకు ముందే రెండు రాష్ట్రాలూ దరఖాస్తు ఫారం మార్చాలన్నది మా డిమాండు. ఒకటో తారీఖున పింఛను పట్టుకెళ్లే సచివాలయ సిబ్బందికి ఆ ఇల్లు, ఆ మంచం, ఆ మెట్లు తెలుసు. తెలంగాణలో పంచాయతీ కార్యదర్శికీ తెలుసు. ఇంటి దరఖాస్తు కూడా ఆ గుమ్మంలోనే రాయించవచ్చు. మూడే ప్రశ్నలు: మెట్లు ఎక్కగలరా, స్నానాల గదిలోకి కుర్చీతో వెళ్లాలా, ఆసుపత్రికి వారానికి ఎన్నిసార్లు?