ఆఖరి తరానికి తామ్రపత్రాలు ఎప్పుడు?

ఈ దేశంలో ఎవరెవరికో గుర్తింపు దక్కుతోంది. వీధి కుళాయికి నోరు పెట్టి నీళ్ళు తాగి కూడా బతికి బట్టకట్టిన మా తరానికి మాత్రం ఇంతవరకు ఒక్క శాలువా కప్పిన నాథుడు లేడు. 1972లో స్వాతంత్ర్య రజతోత్సవాలప్పుడు సమరయోధులకి తామ్రపత్రాలిచ్చారు, పింఛనూ ఏర్పాటు చేశారు. మంచి పనే. కానీ 1970కీ 1985కీ మధ్య పుట్టి, కిరసనాయిలు దీపం ముందు ఎక్కాలు బట్టీపట్టిన మా త్యాగం ఏం తక్కువ? "ఇవన్నీ చూసినవాళ్ళలో మనదే ఆఖరి తరం" అని రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో మాకు మేమే చెప్పుకోవాల్సిన దుస్థితి. అందుకే కాలనీలో ఒక సంఘం పెట్టాం. ప్రభుత్వానికి ఇవ్వబోయే వినతిపత్రంలోని కొన్ని ముఖ్యమైన సంగతులు ముందుగా ప్రజల దృష్టికి తెస్తున్నాను.

అర్హత విషయంలో రాజీ లేదు. అద్దె సైకిలు ఫ్రేము సందులోంచి కాలు దూర్చి తొక్కి పడ్డ మచ్చ మోకాలి మీద ఉండి తీరాలి. పుల్లఐసు కోసం ఇంట్లో పాత ఇనపసామాను అమ్మినవాళ్ళకి అదనపు మార్కులు. అది పాతది కాదని ఆ సాయంత్రం తేలి, వీపు విమానం మోత మోగినవాళ్ళకి పరీక్ష లేకుండానే తామ్రపత్రం.

మా రోజుల్లో మనుషుల మధ్య మాటలుండేవి అంటే ఈ కాలం పిల్లలు నమ్మరు. ఎందుకుండవండీ? ఫోను వీధికి ఒక్కటి. శుభలేఖ మీద ఎదురింటివాళ్ళ నంబరు వేయించి, పక్కన పి.పి. అని పెట్టుకునేవాళ్ళం. ఫోను రాగానే ఎదురింటి పిన్నిగారు గోడ మీంచి కేకేసేవారు. మనం చేతులు తుడుచుకుంటూ పరుగెత్తేసరికి ఆ ఇంటిల్లిపాదీ టీవీ కట్టేసి, ఎంతో మర్యాదగా మనవైపే చూస్తూ కూర్చుని ఉండేవాళ్ళు. అవతలి నుంచి పెదనాన్న "ఆ సంబంధం ఏమైందిరా?" అంటే, మనం నోరు తెరిచేలోపు "కట్నం దగ్గర ఆగిందని చెప్పు బాబూ" అని పిన్నిగారే అందించేవారు. ఇప్పుడేమో ప్రైవసీ, డేటా చోరీ అంటూ ఒకటే గోల. మా వీధి డేటా మొత్తం పిన్నిగారి దగ్గరే ఉండేది. ఒక్కసారైనా చోరీ జరగలేదు. ఆ అవసరం రానివ్వకుండా ఆవిడే అందరికీ చెప్పేసేవారు.

టెలిగ్రాం సంగతి తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. పోస్టాఫీసు సైకిలు గుమ్మం ముందు ఆగిందంటే చాలు, కవరు విప్పకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. అందులో ఏముందో చదివిపెట్టడానికి ఇంగ్లీషు వచ్చిన మాస్టారు దొరికేదాకా ఏడ్చి, తీరా అది మేనమామకి ఉద్యోగం వచ్చిన కబురని తెలిశాక, అనవసరంగా ఏడిపించాడని ఆ మేనమామని తిట్టుకునేవాళ్ళం. ఎంత నిండైన అనుభవం! 2013 జులైలో ఆ సేవని ఆపేశారు. నీలం టిక్కులు చూసుకుని పడే ఏడుపు దానికి ఏ మూలకి వస్తుంది?

బడి గురించి ఎంత చెప్పినా తక్కువే. గోడకుర్చీ, తొడపాశం, ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టడం, ఇవన్నీ ఫీజు లేకుండా దొరికేవి. 2009 విద్యాహక్కు చట్టం వచ్చి 17వ సెక్షన్‌తో ఈ సంపదనంతా నిషేధించింది. "మేం దెబ్బలు తిన్నాం కాబట్టే ఇలా ఉన్నాం" అని మా సంఘం కార్యదర్శి ప్రతి సమావేశంలోనూ గర్వంగా చెబుతాడు. ఆయన ఎలా ఉన్నాడో తెలిసిన మేం ఆ వాక్యాన్ని వినతిపత్రంలో చేర్చలేదు.

ఇక ఆరోగ్యం. ఆ రోజుల్లో జబ్బులెక్కడివి? అంతా స్వచ్ఛమైన తిండి, స్వచ్ఛమైన గాలి. మా వీధిలో కాలికి ఇనప పట్టీలు కట్టుకుని నడిచే కుర్రాడొకడు ఉండేవాడనుకోండి. పక్క వీధిలోనూ ఒకడుండేవాడు. ఏడు పెంకులాటలో మావాడికి పరుగు పెట్టే పని లేకుండా పెంకులకి కాపలా ఉద్యోగం ఇచ్చాం, అంత మంచి మనసులు మావి. 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజ పోలియో వైరస్ కేసు ఒక్కటీ రాలేదు. 2014లో ధ్రువపత్రం కూడా ఇచ్చారు. సంఘంలో చేరమని మొన్న ఆ కుర్రాడింటికి వెళ్ళాం, ఇప్పుడు బ్యాంకులో ఆఫీసరు. కరపత్రం మొత్తం చదివి, "ఆఖరి తరం అంటే మీకంటే నాకే బాగా నప్పుతుంది కదరా" అన్నాడు. టీ ఇచ్చి పంపాడు గానీ సభ్యత్వ రుసుం ఇవ్వలేదు.

వినతిపత్రంలో అన్నిటికంటే పెద్ద డిమాండు రోటి పచ్చడి. మిక్సీ వచ్చాక రుచి చచ్చిపోయిందన్న తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. సాక్ష్యం కోసం మా అమ్మ దగ్గరికే వెళ్ళాం. ఒక చేత్తో పొత్రం తిప్పుతూ, రెండో చేత్తో పిండి లోపలికి తోస్తూ, వేళ్ళు నలగకుండా, పొయ్యి మీద పాలు పొంగకుండా, చంకలో పిల్లాడు జారకుండా ఇంటిల్లిపాదికీ ఇడ్లీపిండి రుబ్బిన చెయ్యి అది. ఆ భుజం ఇప్పుడు జడ వేసుకోవడానికి కూడా లేవదు. "ఆ రుచి ఇప్పుడేదమ్మా?" అని కార్యదర్శి గద్గద స్వరంతో అడిగాడు. "రోలు కింద వాచ్‌మన్ గది పక్కనే ఉంది నాయనా, పిట్టలకి నీళ్ళు పెడుతున్నారు. కడుక్కుని రుబ్బుకో, అదే రుచి వస్తుంది" అంది. కార్యదర్శికి నడుంనొప్పి కావడంతో ఆ ప్రయోగం వాయిదా పడింది.

ఇప్పటిదాకా వచ్చిన దరఖాస్తులన్నీ మగవాళ్ళవే. ఆడవాళ్ళ నుంచి ఒక్కటీ రాలేదు. ప్రచార లోపమేమోనని మా అక్కని మహిళా ప్రతినిధిగా తీసుకున్నాం. ఆదివారం సాయంత్రం ఆరున్నరకి మొదటి సమావేశం అని కబురు పెడితే, "ఆ రోజుల పద్ధతంటే దీపాలు పెట్టే వేళకి ఆడపిల్ల ఇంట్లో ఉండాలిగా, రాలేను" అని తిరుగు కబురు పంపింది. కోరం సరిపోయింది కాబట్టి సమావేశం యథావిధిగా జరిపాం. టిఫిన్లు ఆన్‌లైన్‌లో తెప్పించాం.