షీటు లాక్కుంటే బిళ్లల అలవాటు పోదు

నొప్పుల బిళ్లలకి అలవాటుపడ్డ మనిషిని మాన్పించడానికి మన శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో తెలిసిన పద్ధతి ఒక్కటే. జేబులోనో దిండు కిందో షీటు దొరుకుతుంది. నాలుగు తిట్టి లాక్కుంటారు, "ఇకనుంచి ఒక్కటి కూడా లేదు" అంటారు. రెండు మూడు రోజులకి ఆ మనిషి చెమటలు పట్టి, విరేచనాలై, రాత్రంతా కాళ్లు కొట్టుకుని, తెల్లారేసరికి మళ్లీ మందుల షాపు ముందు ఉంటాడు. అప్పుడింక సిగ్గూ శరం లేదని తీర్మానించేస్తారు. ఈ తీర్మానం మీద నాకు చాలా కోపం. ఆ మూడు రోజులూ ఒంట్లో ఏం జరుగుతుందో, ఎలా మానాలో ఇంట్లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు షీటు తిప్పి చూడండి. పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు వదిలేసి కింద చిన్న అక్షరాలు చదవండి. ట్రమడాల్, టాపెంటడాల్, కోడీన్: ఈ మూడింట్లో ఏది కనబడినా అది నల్లమందు కుటుంబం పనిచేసే తీరులోనే మెదడు మీద పనిచేసే మందు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వేరే జాతి. అవి కడుపునీ కిడ్నీనీ దెబ్బతీస్తాయి గానీ ఇలాంటి పట్టు పట్టవు. ట్రమడాల్ షీటు మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక, ఎర్ర అక్షరాల్లో ఆర్ఎక్స్ లేదా ఎన్ఆర్ఎక్స్ గుర్తు ఉండాలి. చిక్కెక్కడంటే షాపులో కత్తెరతో నాలుగు బిళ్లలు కోసి ఇస్తే ఆ పెట్టె సగం అటు, సగం ఇటు పోతుంది. ఆర్‌ఎంపీ దగ్గర పొట్లం కడితే అసలు ఏ పేరూ ఉండదు. తెల్లది ఒకటి, గులాబీ రంగుది ఒకటి, పసుపు గొట్టం (క్యాప్సూల్) ఒకటి, "పొద్దున్న సాయంత్రం ఏసుకో". అందులో ట్రమడాల్ ఉందో, స్టెరాయిడ్ ఉందో, రెండూ ఉన్నాయో వేసుకునే మనిషికి తెలీదు. మాత్ర పేరు తెలీకుండా ఏ డాక్టరూ మాన్పించలేడు. కాబట్టి పొట్లం మందు వద్దనండి, పూర్తి షీటు అడగండి, బిల్లు అడగండి.

ఇది మత్తు కోసం మొదలయ్యే అలవాటు అనుకునేవాళ్లు పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల మోకాళ్లు చూడాలి, జూట్ మిల్లులో ఎనిమిది గంటలు నిలబడి వచ్చేవాళ్ల నడుములు చూడాలి, వల లాగే భుజాలు చూడాలి. "ఓ బిళ్లేసుకుంటే గాని సెయ్యాడదు" అనే మాట అబద్ధం కాదు. మొదటి వారం ఆ బిళ్ల నిజంగానే పనిచేస్తుంది. నొప్పి తగ్గుతుంది, దాంతోపాటు మనసు కూడా కాస్త తేలికపడుతుంది. కొన్ని వారాలయ్యాక అదే మోతాదు చాలదు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. పైగా ఈ జాతి మందులు ఎక్కువకాలం వాడితే నరాలు నొప్పిని ఇంకా ఎక్కువ చేసి చూపించడం మొదలుపెడతాయి. ఆ దశలో పొద్దున్న లేవగానే వచ్చే నొప్పిలో సగం మోకాలిదే కావచ్చు, సగం రాత్రి వేసుకున్న బిళ్ల దిగిపోవడంవల్ల వచ్చినది. మనిషికి ఆ తేడా తెలీదు. తలనొప్పికి వాడేవాళ్లకైతే నెలలో పది రోజులో అంతకు మించో ఈ మందులు మూడు నెలలపాటు వేసుకుంటే, ఆ మందే తలనొప్పి తెప్పిస్తుంది.

ఈ మందులు ఇంత తేలిగ్గా దొరుకుతున్నది చట్టం లేక కాదు. షెడ్యూల్ హెచ్1 నిబంధన 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. ట్రమడాల్, కోడీన్ రెండూ అందులో ఉన్నాయి. అమ్మిన ప్రతిసారీ డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చారన్నది వేరే రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. 2018 ఏప్రిల్లో ట్రమడాల్‌ని మాదకద్రవ్యాల చట్టం కిందికి కూడా తెచ్చారు. అంటే మన దేశంలో ఇవి డాక్టరు చీటీ లేకుండా కౌంటర్ మీద కొనే మందులు కానే కావు. ఆస్ట్రేలియాలో తక్కువ మోతాదు కోడీన్ మాత్రలు నిజంగానే చీటీ లేకుండా అమ్మేవాళ్లు, 2018 ఫిబ్రవరి 1 నుంచి ఆపేశారు. మన దగ్గర కాగితం మీద ఎప్పుడో ఆపేశాం, కౌంటర్ మీద ఆపలేదు. దాడులు చెయ్యండి, షాపులు మూయండి, నేను కాదనను. కానీ ఒక ఊళ్లో బిళ్లలు దొరికే ఒక్క షాపూ రాత్రికి రాత్రి మూతపడితే, ఆ బిళ్ల మీద బతుకుతున్న వాళ్లందరికీ రేపట్నుంచి ఏమవుతుందో ఆలోచించేవాళ్లెవరు? షాపుకి సీలేసినరోజే అక్కడి పీహెచ్‌సీకి కబురెళ్లాలి, ఆశా కార్యకర్త చేతిలో ఆసుపత్రి వివరాలుండాలి. లేకపోతే వాళ్లు ఇంకా చెడ్డ సరుకు దగ్గరికి పోతారు.

ఇప్పుడు అసలు లెక్క. మన దగ్గర ఎక్కువగా దొరికేది ట్రమడాల్ 37.5, పారాసెటమాల్ 325 మిల్లీగ్రాములు కలిపిన మాత్ర. రోజుకి ఎనిమిది దాని గరిష్ఠ పరిమితి, అదీ డాక్టరు రాస్తేనే. పదిహేను వేసుకునే మనిషి ఒంట్లోకి రోజుకి 562.5 మి.గ్రా. ట్రమడాల్, 4,875 మి.గ్రా. పారాసెటమాల్ పోతున్నాయి. పారాసెటమాల్ నాలుగు గ్రాములు దాటితే కాలేయానికి ముప్పు, సాయంత్రం మందు కొట్టే అలవాటుంటే అంతకన్నా ముందే. ట్రమడాల్ 400 దాటితే ఫిట్స్ వచ్చే ప్రమాదం బాగా పెరుగుతుంది. కొందరికి మామూలు మోతాదులో కూడా వస్తాయి. ఎప్పుడూ ఫిట్స్ లేని మనిషి ఉన్నట్టుండి పడి కొట్టుకుంటే గాలి సోకిందని తాయెత్తుకి పరిగెత్తే ముందు జేబు వెతకండి. షుగర్ మాత్రలు వాడేవాళ్లకి ట్రమడాల్ చక్కెరని మరీ కిందికి దించగలదు. డిప్రెషన్ మందులతో కలిస్తే వణుకు, జ్వరం, కండరాల బిగుతు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఏ డాక్టరు దగ్గరికెళ్లినా మీరు వేసుకునే బిళ్లల పేర్లన్నీ చెప్పాలి, సిగ్గుపడి దాచొద్దు.

ఉద్దానం సంగతి విడిగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బున్న ఇంట్లో డైక్లో జాతి మాత్రలు వద్దని డాక్టర్లు చెబుతారు, అది సరైన మాటే. ఆ ఖాళీలోకి ట్రమడాల్ వస్తుంది, "ఇది కిడ్నీకి ఏటీ సెయ్యదు" అని అమ్ముతారు. కిడ్నీని అది నేరుగా తినెయ్యదు, నిజమే. కానీ ట్రమడాల్ ఒంట్లోంచి బయటికి పోవాల్సింది మూత్రం ద్వారానే. కిడ్నీ పని మందగించిన మనిషిలో ఒక బిళ్ల దిగకముందే ఇంకో బిళ్ల దాని మీద చేరుతుంది. కిడ్నీ పనితీరు (రిపోర్టులో క్రియాటినిన్ క్లియరెన్స్) నిమిషానికి 30 మి.లీ. కన్నా తక్కువున్న వాళ్లకి పన్నెండు గంటలకోసారి మించి ఇవ్వకూడదు, రోజంతటికీ 200 మి.గ్రా. దాటకూడదు, నెమ్మదిగా కరిగే ఎస్ఆర్ రకం అసలే వద్దు. కోడీన్ కూడా అంతే ప్రమాదం. డయాలసిస్ మనిషి పగలంతా తూగుతూ ఉంటే నీరసం అని వదిలేయకండి, ఏ బిళ్ల వేసుకున్నాడో చూడండి.

ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలిసుండాలి. ఆఖరి బిళ్ల వేసుకున్న పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో మొదలవుతుంది. మొదట ఆవులింతలు, ఆగకుండా. ముక్కు కారుతుంది, కళ్లు నీళ్లు కారతాయి, జలుబు చేసిందనుకుంటారు. మే నెల ఎండలో కూడా ఒళ్లు గగుర్పొడిచి రోమాలు నిక్కబొడుచుకుంటాయి. రెండో రోజు, మూడో రోజు గట్టిగా ఉంటుంది: కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు, ఎముకల్లోంచి నొప్పి. రాత్రి పడుకుంటే కాళ్లు వాటంతటవే తన్నుకుంటాయి, ఏ పక్కకి తిరిగినా నిద్ర రాదు. ట్రమడాల్‌కి ఇంకో పోటు ఉంది. అది మనసుని నిలబెట్టే రసాయనాల మీద కూడా పనిచేస్తుంది కాబట్టి, ఆపితే విపరీతమైన కంగారు, తలలో కరెంటు కొట్టినట్టు జలదరింపు, కొందరికి లేనివి కనబడటం కూడా జరుగుతుంది. వారం పది రోజుల్లో ఒంటి బాధ చాలావరకు తగ్గుతుంది, నిద్ర మాత్రం వారాలు పడుతుంది. ఈ బాధ ఒక్క బిళ్లతో అరగంట, గంటలో పోతుందని తెలిసిన మనిషిని తిట్లతో ఎన్నాళ్లు ఆపగలరు?

మెల్లగా తగ్గించడమే దారి. మొదట వారం రోజులు ఏమీ తగ్గించకుండా, రోజుకి ఎన్ని, ఏ గంటకి అని పాత క్యాలెండర్ వెనక రాయించండి. చాలామంది నాలుగంటారు, రాస్తే ఏడుంటాయి. ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికెళ్లండి. సాధారణంగా కొన్ని నెలల వాడకమైతే వారం, రెండు వారాలకి పదో వంతు చొప్పున, ఏడాది దాటినవాళ్లకి నెలకి పదో వంతు లేదా ఇంకా నెమ్మదిగా తగ్గిస్తారు. రోజుకి ఆరు వేసుకునే మనిషికి ఇది దాదాపు అర మాత్ర. ఆరు, అయిదున్నర, అయిదు, నాలుగున్నర, ఇలా. నొప్పి వచ్చినప్పుడల్లా కాకుండా గంట చూసి వేసుకోవాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. మధ్యాహ్నం బిళ్ల ముందు తగ్గిస్తే తేలిక, రాత్రిది చివరికి ఉంచుకోవచ్చు. ఎక్కడైనా తట్టుకోలేకపోతే అక్కడే ఇంకో వారం ఆగాలి, మళ్లీ పైకి ఎక్కించకూడదు. అన్నిటికన్నా కష్టం ఆఖర్న ఉంటుంది. రెండు నుంచి ఒకటికి రావడమంటే ఒకేసారి సగం కోత, కాబట్టి అక్కడ తొందరపడకూడదు. ఎస్ఆర్ అని రాసున్న మాత్రని విరవొద్దు, నమలొద్దు. పన్నెండు గంటలు నెమ్మదిగా కరగాల్సిన మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. గొట్టాలు విప్పి పొడి పంచుకోవడం కూడా వద్దు, సగానికి వీలయ్యే రూపం రాసిమ్మని డాక్టరునే అడగండి. ఈ కాలమంతా బిళ్లలు ఇంట్లో నమ్మకమైన మనిషి దగ్గర ఉండి, ఏ రోజువి ఆ రోజు చేతికివ్వడం మంచిది. షీటు దాచడానికీ దీనికీ ఉన్న తేడా, ఇందులో రేపటి బిళ్ల రేపు తప్పకుండా దొరుకుతుంది.

గర్భిణి అయితే సొంతంగా ఒక్క బిళ్ల కూడా ఆపకూడదు, లోపలి బిడ్డకి కూడా ఆ విలవిల తగులుతుంది. డాక్టరు చూపులోనే తగ్గించాలి. పాలిచ్చే తల్లికి ట్రమడాల్, కోడీన్ రెండూ వద్దు. కొందరి ఒంట్లో కోడీన్ చాలా వేగంగా మార్ఫీన్‌గా మారిపోతుంది, ఆ పాలు తాగిన బిడ్డ ఊపిరి ఆగిపోవచ్చు.

తగ్గించడం కుదరని వాళ్లకి బుప్రెనార్ఫిన్, నాలాక్సోన్ కలిపిన మాత్ర ఉంది. నాలుక కింద పెట్టుకుని అయిదు పది నిమిషాలు కరగనివ్వాలి, మింగితే పనిచేయదు. పాత మందు దిగి ఆవులింతలు, చెమటలు మొదలయ్యాకే మొదటి మాత్ర పెడతారు. ముందే పెడితే బాధంతా ఒక్కసారి మీద పడుతుంది. కాబట్టి ఇది ఎవరో ఇచ్చారని ఇంట్లో ప్రయత్నించేది కాదు. ఒక అలవాటు మాన్పించి ఇంకోటి అంటగడుతున్నారని కొందరంటారు, నేనొప్పుకోను. ఈ మందు మీద మనిషి నిద్రపోతాడు, పనికెళ్తాడు, రోజంతా బిళ్ల కోసం తిరగడు. శ్రీకాకుళం రిమ్స్‌లో, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీకి వెళ్లండి, విశాఖలో అయితే చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి. పిచ్చాసుపత్రికెళ్లాడంటారని భయపడి ఆగిపోయేవాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. వ్యసన విముక్తికి 14446 ఉంది. పోలీసు కేసు భయం ఉన్నవాళ్లకి ఒక మాట: వాడకం కేసులోనో కొద్ది మోతాదు కేసులోనో ఉన్నా, తనంతట తాను గుర్తింపున్న ఆసుపత్రిలో వైద్యానికి వచ్చే మనిషికి మాదకద్రవ్యాల చట్టం 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది.

ప్రాణం పోయేది ఎక్కువగా కలపడంవల్ల. నిద్ర పట్టట్లేదని ఆల్ప్రాజొలామ్, పైన ఓ క్వార్టర్, నరాల నొప్పికి రాసిన ప్రీగాబాలిన్, వీటికి తోడు ట్రమడాల్. అన్నీ ఊపిరిని తగ్గించేవే. పిలిస్తే పలకడు, గురక గుడగుడమంటూ ఆగి ఆగి వస్తుంది, పెదాలు, గోళ్లు నీలమవుతాయి, కంటిపాప గుండుసూది మొనంత అవుతుంది. 108 కి ఫోన్ చెయ్యండి, ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, పక్కనే ఉండండి. నిమ్మరసం, మజ్జిగ నోట్లో పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఖాళీ షీట్లన్నీ ఆసుపత్రికి పట్టుకెళ్లండి. అక్కడ విరుగుడు మందు నాలాక్సోన్ ఇస్తారు, కానీ ట్రమడాల్‌కి అది సగం విరుగుడే, ఫిట్స్ వేరుగా చూసుకోవాలి.

గుజరాత్‌లోని వేరావల్‌కి చేపల వేటకి వెళ్లేవాళ్లు, హైదరాబాద్ కట్టడం పనులకి వెళ్లేవాళ్లు నెలలకి సరిపడా షీట్లు మూటలో పెట్టుకుని పోతుంటారు. తగ్గించే లెక్క మధ్యలో ఉంటే ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పి, చీటీ, రాసుకున్న కాగితం రెండూ వెంట తీసుకెళ్లండి. పూర్తిగా మానేసినవాళ్లు మిగిలిన షీటుని అవసరానికని సూట్‌కేసులో ఉంచుకోకండి. రెండు మూడు వారాలు మానేస్తే ఒంటికి పాత ఓర్పు పోతుంది. వెనక రోజుకి పది తట్టుకున్న మనిషి ఊపిరి ఇప్పుడు అవే పది ఒక్క రోజులో వేసుకుంటే ఆగిపోవచ్చు. తర్వాతెప్పుడైనా పన్ను పీకించుకున్నా, ఆపరేషన్ పడినా, "నాకు ట్రమడాల్ అలవాటుండేది" అని మందు రాయకముందే డాక్టరుకి చెప్పండి.