ఐఐటీ ఏర్పేడులో ఉన్నా మనకు కోటా లేదు

ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి, ఐఐటీ, ఎన్ఐటీ, ట్రిపుల్ ఐటీ సీట్లు పంచే జోసా కౌన్సెలింగ్ ముగిసేదాకా తిరుపతి, చిత్తూరుల్లో ఎక్కడ చూసినా ఒకటే మాట. "మావాడికి 99.1 పర్సంటైల్ వచ్చింది సార్, సీటొస్తుందా?" అడిగేవాళ్లను ఏమీ అనలేం. ఠక్కున "వచ్చేస్తుంది", "కష్టమే" అని చెప్పేసేవాళ్ల మీదే నా కోపమంతా. కేటగిరీ అడగరు, ఇంటర్ ఎక్కడ చదివాడో అడగరు, అబ్బాయా అమ్మాయా అని కూడా అడగరు. చెయ్యి చూడకుండానే జాతకం చెప్పేస్తారు.

ముందు పర్సంటైల్ సంగతి. రాసినవాళ్లలో ఎంత శాతం మంది మీకంటే వెనకున్నారో చెప్పే అంకె అది. 2025లో రెండు సెషన్లూ కలిపి మెయిన్ రాసినవాళ్లు సుమారు 14.75 లక్షలు. 99.1 అంటే ఇంకా 13 వేల పైచిలుకు మంది ముందున్నారని. 99.5 అయితే 7 వేల పైన, 99.8 అయితే 3 వేల దగ్గర. అంటే ఒక్కో 0.1కి దాదాపు 1,500 మంది తేడా. ర్యాంకు చేతికొచ్చాక పర్సంటైల్‌తో పనే లేదు. అది కూడా ఎన్ఐటీలకీ ట్రిపుల్ ఐటీలకీ పనికొచ్చే ర్యాంకు. ఐఐటీలకు అడ్వాన్స్‌డ్ ర్యాంకే చూస్తారు, అది వేరే పరీక్ష.

ఇక కోటా. "మన ఏర్పేడులోనే ఐఐటీ ఉంది, లోకల్ వాళ్లకి కొంచెం చూస్తారంట కదా" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చూడరు. ఐఐటీల్లో హోమ్ స్టేట్ కోటా అనేదే లేదు. శ్రీసిటీ ట్రిపుల్ ఐటీలోనూ లేదు. ఉన్నది ఎన్ఐటీల్లో, సగం సీట్లు. మన రాష్ట్రానికి తాడేపల్లిగూడెం ఎన్ఐటీ. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. హోమ్ స్టేట్‌ను పుట్టిన ఊరు చూసో, ఆధార్ అడ్రస్ చూసో ఇవ్వరు. పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయితే అదే. కుప్పం పిల్లాడు బెంగళూరులో చదివితే జోసా లెక్కలో కర్ణాటకవాడు, వాడి హోమ్ స్టేట్ కోటా సూరత్కల్ ఎన్ఐటీలో. చిత్తూరు అమ్మాయి వేలూరులో ప్లస్ టూ చేస్తే తిరుచ్చిలో. హైదరాబాద్‌లో పెట్టిన హాస్టల్ పిల్లలకు వరంగల్‌లో. రెండు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న మన జిల్లాల వాళ్లు పదో తరగతి అయిపోగానే ఆలోచించాల్సిన విషయమిది. రెండో వైపు మన రాష్ట్రం పెట్టే ఈఏపీసెట్ ఉంది. అక్కడ 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకే, ఎస్వీయూ (శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ) పరిధిలో లోకల్ అవునా కాదా అనేది ఏయే ఏళ్లు ఎక్కడ చదివారన్నదాన్ని బట్టే తేలుస్తారు. అంటే ఒకచోట లాభం చూసుకుంటే ఇంకోచోట పోవచ్చు.

పాత కటాఫ్‌లు జోసా సైట్లో అందరికీ కనబడతాయి. చూడటమే రాదు. కాలేజీ, బ్రాంచి, కోటా, కేటగిరీ, జెండర్ అన్నీ కలిస్తేనే ఒక వరుస, ఆ వరుసకే ఒక క్లోజింగ్ ర్యాంకు, అంటే చివరి సీటు దొరికినవాడి ర్యాంకు. ఓబీసీ వరుసలో కనబడే అంకె ఓబీసీ ర్యాంకు. దాన్ని అందరిలో కలిపి వచ్చిన తన కామన్ ర్యాంకుతో పోల్చుకుని ఏడ్చే పిల్లలున్నారు. అమ్మాయిలు జెండర్ న్యూట్రల్ వరుస ఒక్కటే చూసి మంచి బ్రాంచిని లిస్టులోంచే తీసేస్తారు, పక్కనే ఫీమేల్ ఓన్లీ వరుస ఉన్నా. మొదటి రౌండ్ అంకెలు చూసి భయపడకండి, చివరి రౌండ్‌వి చూడండి. అదీ ఒక్క ఏడాదివి చాలవు, మూడేళ్లవి పక్కపక్కన పెట్టుకోండి.

ఇప్పుడు అసలు విషయం, ఆప్షన్ల వరుస. "మొదట్లో రానివి పెడితే ఛాన్స్ వేస్టవుతుంది, వచ్చేవే పైన పెట్టు" అని సలహా ఇచ్చేవాళ్లు ఏటా ఎంతమంది సీట్లు పోగొడుతున్నారో! కంప్యూటర్ చేసేది ఇంతే: ర్యాంకు ప్రకారం మీ వంతు వచ్చినప్పుడు మీ లిస్టు పైనుంచి చూసుకుంటూ వస్తుంది, ఖాళీ ఉన్న మొదటి సీటు మీకిస్తుంది. మీరు అరవయ్యో ఆప్షన్‌గా పెట్టిన సీటును, మీకంటే వెనక ర్యాంకువాడు మొదటి ఆప్షన్‌గా పెట్టినంత మాత్రాన తన్నుకుపోలేడు. కాబట్టి అందని ఐఐటీ బాంబే సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) పైన పెట్టినా మీకు పైసా నష్టం లేదు. ఎన్ని ఆప్షన్లైనా పెట్టుకోవచ్చు. వరుస మాత్రం ఇష్టాన్ని బట్టి ఉండాలి. వస్తుందో రాదో అన్న లెక్క ఎక్కడిదాకా పెట్టుకుంటూ పోవాలో తెలుసుకోడానికి తప్ప, ఏది పైన ఏది కింద అన్నదానికి పనికిరాదు.

నష్టం జరిగేది ఇంకోచోట. సీటొచ్చాక మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి. ఫ్రీజ్ అంటే ఇదే చాలు. స్లైడ్ అంటే కాలేజీ ఇదే, పై బ్రాంచి వస్తే మారతా. ఫ్లోట్ అంటే లిస్టులో దీనికి పైనున్నది ఏదొచ్చినా మారతా. మొదటి రౌండ్లో తాడేపల్లిగూడెం సీఎస్ఈ వచ్చిందనుకోండి. సూరత్కల్ పేరు చూసి ఎప్పుడో మైనింగ్‌ను దానికి పైన పెట్టి మరిచిపోయారు. ఫ్లోట్ కొట్టారు. తర్వాతి రౌండ్లో మైనింగ్ వచ్చిందంటే సీఎస్ఈ ఆ క్షణమే ఇంకొకరికి వెళ్లిపోతుంది, కాళ్లు పట్టుకున్నా తిరిగి రాదు. లాక్ చేసే ముందు పక్కపక్కనున్న ప్రతి రెండు ఆప్షన్లూ చూసి "కిందిది చేతిలో ఉన్నా పైదానికి నిజంగా మారతానా?" అని పిల్లాణ్నే అడగండి. నాన్నని కాదు. మారనంటే వాటిని అటూ ఇటూ మార్చేయండి.

(ఇంజనీరింగ్ గోలలో పడి ఏర్పేడులోనే ఉన్న ఐసర్‌ను, అంటే సైన్స్ చదువుల కేంద్ర సంస్థను, మరిచిపోతారు. దాని ఐఏటీ పరీక్ష వేరు, దరఖాస్తూ వేరు. ఫిజిక్స్, బయాలజీ అంటే నిజంగా ప్రాణం పెట్టే పిల్లలు అది రాయకపోవడం అన్యాయం. మన కాలేజీల ఫ్లెక్సీల మీద ఆ ర్యాంకులకు చోటుండదు కాబట్టి ఎవరూ చెప్పరు.)

చివరికి చాలామంది తడబడేది సర్టిఫికెట్ల దగ్గర. రాష్ట్రంలో బీసీ-ఏ, బీసీ-డీ అని ఉన్న కాగితం జోసాలో చెల్లదు. కేంద్ర ఓబీసీ జాబితాలో మీ కులం ఉందో లేదో చూసుకుని, కేంద్రం ఫార్మాట్‌లో నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ తీసుకోవాలి, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 లేదా ఆ తర్వాతి తేదీతో. ఈడబ్ల్యూఎస్ (ఏ రిజర్వేషనూ లేని పేదల కోటా) సర్టిఫికెట్‌కీ అదే తేదీ. ఆదాయం 8 లక్షల లోపే ఉన్నా ఐదెకరాల వ్యవసాయ భూమి ఉంటే ఈడబ్ల్యూఎస్ రాదు. బంగారుపాళెం వైపు ధర లేక తోతాపురి కాయలు రోడ్డు మీద పారబోసిన రైతుకైనా సరే, తోట ఐదెకరాలుంటే అంతే. కాగితం తేడా వస్తే జనరల్‌లోకి మారుస్తారు, ఆ ర్యాంకుకు అక్కడ ఆ సీటు దొరకదు. సచివాలయంలో దరఖాస్తు ఏప్రిల్ మొదటి వారంలోనే పెట్టేయండి. జూన్‌లో పోతే తహసీల్దార్ ఆఫీసు ముందు మీలాంటి వాళ్లు ఇంకో వందమంది ఉంటారు.