అంగడి ఫోన్ నంబరు ఎవరి చేతిలో ఉండాలి?

నల్లగొండలో బత్తాయి వ్యాపారం చేసే నా మిత్రుడి దగ్గర ఎనిమిదేళ్లు పనిచేసిన గుమస్తా కిందటేడు మానేసి, నాలుగు వీధుల అవతల సొంత కొట్టు పెట్టుకున్నాడు. అందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. అయితే ఆ ఎనిమిదేళ్లూ తోటల రైతులు, లారీ డ్రైవర్లు, ఉత్తరాది కొనుగోలుదారులు ఫోన్ చేసింది గుమస్తా సెల్‌ఫోన్‌కే. కొట్టు బోర్డు మీద రాయించిన నంబరు కూడా అదే. అతను వెళ్లిన మరుసటి రోజు నుంచి ఫోన్లన్నీ అతనితోపాటే వెళ్లిపోయాయి. బోర్డు చెరిపి కొత్త నంబరు రాయించడానికి ఒక పూట పట్టింది కానీ, ఆ నంబరు రైతుల ఫోన్లలోకి ఎక్కేసరికి బత్తాయి సీజనే దాటిపోయింది.

మిర్యాలగూడ రైసు మిల్లుల్లో, నడిగడ్డ పత్తి విత్తనాల ఆర్గనైజర్ల దగ్గర, పాలమూరు డయాగ్నస్టిక్ సెంటర్లలో, ఎక్కడ చూసినా వ్యాపారం ఎవరో ఒకరి జేబులోని సిమ్ మీదే నడుస్తోంది. ఒకప్పుడు నల్లగొండ అంగళ్లకు 08682తో, మహబూబ్‌నగర్ అంగళ్లకు 08542తో మొదలయ్యే ల్యాండ్‌లైన్ నంబర్లు ఉండేవి. గుమస్తాలు మారినా, యజమాని కొడుకు గద్దె మీద కూర్చున్నా ఆ నంబరు మారేది కాదు. సెల్‌ఫోన్లు వచ్చాక ల్యాండ్‌లైన్లు ఒక్కొక్కటిగా మూలపడ్డాయి, వాటితోపాటు అంగడికంటూ ఒక నంబరు ఉండే పద్ధతీ పోయింది. వ్యాపార సంస్థలకు ఇంటర్నెట్ ద్వారా ఫోన్ సౌకర్యం గురించి మాట్లాడేవారు సాధారణంగా ఖర్చు తగ్గుతుందని చెబుతారు. నెలకింత కడితే ఎంతసేపైనా మాట్లాడుకోగలిగే ఈ రోజుల్లో ఆ మాటకు పెద్దగా బలం లేదు. ఈ సౌకర్యం మన జిల్లాల వ్యాపారులకు అవసరమవుతోంది నంబరును మనిషి జేబులోంచి తీసి తిరిగి అంగడికి అప్పగించగలదు కనుక.

దీని పనితీరు తెలియకపోతే కొనేటప్పుడూ మోసపోతాం, చెడిపోయినప్పుడూ ఏమీ చేయలేం. పాత ఫోన్‌లో మాట్లాడినంతసేపూ ఇద్దరి మధ్య ఒక దారి పూర్తిగా ఆ ఇద్దరి కోసమే కేటాయించి ఉండేది. ఇంటర్నెట్ ఫోన్‌లో అటువంటి ప్రత్యేకమైన దారి ఉండదు. మన గొంతును సెకనుకు 8000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తారు. ఆ అంకెలను సాధారణంగా 20 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్ చొప్పున, అంటే సెకనుకు 50 ప్యాకెట్లుగా కట్టి, ప్రతిదాని మీద చిరునామా వేసి పంపుతారు. అవతలి పక్క వాటిని వరుసలో పేర్చి మళ్లీ గొంతుగా మారుస్తారు. ఇందులో వింతపడవలసింది లేదు. 2016లో జియో వచ్చిన తరువాత మన దగ్గర విస్తరించిన వోల్టీలో, అంటే 4జీ మీదే మాట్లాడే పద్ధతిలో కూడా మాట ప్యాకెట్లుగానే వెళ్తుంది కాబట్టి, 4జీ ఫోన్ పట్టుకున్న రైతుల్లో చాలామంది ఈ పద్ధతిని ఇప్పటికే వాడుతున్నారు.

కాల్ కలపడం వేరు, మాట మోయడం వేరు. ఎవరు ఎవరికి చేస్తున్నారు, అవతల మోగుతోందా, ఎత్తారా, పెట్టేశారా అన్న కబుర్లన్నీ సిప్ అనే పద్ధతిలో నడుస్తాయి. మాట మాత్రం ఆర్‌టీపీ అనే వేరే పద్ధతిలో, చాలాసార్లు వేరే దారిలో వెళ్తుంది. నంబరు తీగకూ సిమ్‌కూ కట్టుబడి ఉండకపోవడానికి మూలం ఇక్కడే ఉంది. టేబుల్ మీది ఫోన్, గుమస్తా సెల్‌ఫోన్‌లోని యాప్, యజమాని ఇంట్లోని కంప్యూటర్, ఇవన్నీ ఇంటర్నెట్‌కు కలిసిన వెంటనే తామెక్కడున్నామో సర్వర్‌కు, అంటే కాల్స్‌ను పంచిపెట్టే కంప్యూటర్‌కు చెప్పుకుంటాయి. అంగడి నంబరుకు కాల్ వస్తే సర్వర్ వాటన్నింటినీ ఒకేసారి మోగించగలదు, లేదా ఒకటి ఎత్తకపోతే ఇంకొకదానికి పంపగలదు. గుమస్తా మానేస్తే అతనికిచ్చిన లోపలి నంబరు (ఎక్స్‌టెన్షన్) తీసేస్తే సరిపోతుంది. ఎత్తలేకపోయిన కాల్ ఎవరిదో, ఏ సమయానికి వచ్చిందో జాబితాలో మిగిలి ఉంటుంది. సాయంత్రం తిరిగి ఫోన్ చేసే అలవాటున్న వ్యాపారికి ఆ జాబితా ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

ఇంటర్నెట్ కనెక్షన్ అమ్మేవాళ్లు వేగం గురించే చెబుతారు. మాటకు అంత వేగం అవసరం లేదు. బాగా వాడుకలో ఉన్న జీ.711 పద్ధతిలో గొంతుకు సెకనుకు 64 కిలోబిట్లు, ప్యాకెట్ల మీది చిరునామాల బరువు కలుపుకొంటే సుమారు 90 కిలోబిట్లు పడుతుంది. ఒకేసారి పదిమంది మాట్లాడినా అటు ఒక మెగాబిట్, ఇటు ఒక మెగాబిట్ చాలు. ఇబ్బందంతా ప్యాకెట్లు సమంగా రాకపోవడంలో ఉంది. వీడియో కాసేపు ఆగి మళ్లీ నడిస్తే చూసేవారు ఓర్చుకుంటారు కానీ, వడ్ల ధర చెబుతుండగా మాట తెగితే బేరమే తెగిపోతుంది. నోట్లోంచి వచ్చిన మాట అవతలి చెవికి 150 మిల్లీసెకన్లలోపు చేరితే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ప్రమాణం పెట్టింది. ఆలస్యం బాగా పెరిగితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడడం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం మొదలవుతుంది. అంగడిలో సీసీ కెమెరాల దృశ్యాలు, పిల్లల వీడియోలు, ఫోన్ కాల్స్ అన్నీ ఒకే రూటర్ మీద పడినప్పుడు, మాటకు ముందుగా దారి ఇచ్చేలా ఆ రూటర్‌ను సరిచేయకపోతే ఎన్ని మెగాబిట్ల ప్లాన్ తీసుకున్నా ఈ బాధ తప్పదు.

'మా మాట వాళ్లకు వినిపిస్తోంది, వాళ్ల మాట మాకు వినిపించడం లేదు' అన్న ఫిర్యాదు ఇంటర్నెట్ ఫోన్లు పెట్టించుకున్న చోటల్లా వస్తుంది. కాల్ కలిసే దారి, మాట నడిచే దారి వేరని పైన చెప్పాను. రూటర్ లోపలి చిరునామాలను బయటి చిరునామాగా మార్చేటప్పుడు మాట రావలసిన దారి సరిగా తెరుచుకోకపోతే ఒకవైపే వినిపిస్తుంది. చాలా రూటర్లలో సిప్ ఏఎల్‌జీ అనే ఏర్పాటు, సాయం చేయడానికే పెట్టినదైనా, ఈ చిక్కును తెచ్చిపెడుతుంది. దానిని ఆపేస్తే చాలాసార్లు సమస్య తీరుతుంది. ఇది తెలియక ఫోన్లే పాడయ్యాయని మార్పించిన ఆస్పత్రిని నేను చూశాను.

కరెంటు సంగతి ఇంతకన్నా పెద్దది. పాత ల్యాండ్‌లైన్‌కు ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి 48 వోల్టుల కరెంటు రాగి తీగ మీదే వచ్చేది కనుక ఊరంతా చీకటైనా ఫోన్ పనిచేసేది. ఫైబర్ తీగ వెలుగును మాత్రమే మోస్తుంది. అంగడిలోని ఫైబర్ పెట్టెకు, రూటర్‌కు, ఫోన్‌కు కరెంటు అంగడే ఇవ్వాలి. ఎండాకాలం గాలిదుమారానికి కరెంటు పోవడం, స్తంభాల మీదుగా వేలాడదీసిన ఫైబర్ తెగడం రెండూ ఒకేసారి జరగడం మన దగ్గర మామూలే. అందువల్ల ఆ పెట్టెలకు విడిగా ఒక చిన్న యూపీఎస్, ఫైబర్ తెగినప్పుడు అందుకునేలా 4జీ సిమ్ వేసిన రూటర్, రెండూ పనిచేయనప్పుడు కాల్స్ యజమాని సెల్‌ఫోన్‌కు మళ్లేలా ఒక ఏర్పాటు ఉండాలి. ఈ మూడూ లేకుండా ఇంటర్నెట్ ఫోన్ పెట్టుకోవద్దనే చెబుతాను. మిషన్ భగీరథ పైపులతోపాటు వేసిన ప్రభుత్వ ఇంటర్నెట్ తీగ టీ-ఫైబర్ భూమిలోపల వెళ్తుంది గనుక, అది మండలాల అంగళ్ల దాకా చేరినకొద్దీ తీగలు తెగే బాధ తగ్గుతుందని ఆశించవచ్చు.

సర్వర్‌ను సొంతంగా పెట్టుకోవచ్చు, నెలవారీ అద్దెకూ తీసుకోవచ్చు. 1999లో మొదలైన ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాత కంప్యూటర్‌నే ఎక్స్ఛేంజిగా మార్చుకోవచ్చు కానీ, దానిని కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. తేలికపాటి పాస్‌వర్డ్ పెట్టి వదిలేసిన సర్వర్లలోకి రాత్రిపూట చొరబడి విదేశాలకు కాల్స్ చేసి, బిల్లు యజమాని మీద పడేసే దొంగలు ఉన్నారు. ఐదారుగురు పనిచేసే అంగడికి అద్దె పద్ధతే మంచిది. 'తెలుగు కోసం ఒకటి నొక్కండి' అన్న వరుసను మాత్రం పెట్టించవద్దు. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో ఫోన్ చేసే పెద్దవయసు రైతు ఆ యంత్రం మాటలకు సగంలోనే ఫోన్ పెట్టేస్తాడు. అతనికి కావలసింది రెండు మోతల్లో ఎత్తే మనిషి.

చట్టం విషయంలో మన దేశం చాలా నెమ్మదిగా కదిలింది. 2002 ఏప్రిల్‌లో ఇంటర్నెట్ టెలిఫోనీకి అనుమతి వచ్చినా, దేశంలోని మామూలు ఫోన్లకు దానిని కలపనివ్వలేదు. 2018లో లైసెన్సు నిబంధనలు మార్చాకే లైసెన్సున్న కంపెనీలకు ఆ వీలు దొరికింది. ఇప్పటికీ నంబరు లైసెన్సున్న కంపెనీ నుంచే రావాలి. ఇంటర్నెట్ కాల్స్‌ను మామూలు సిమ్‌ల మీదుగా దారి మళ్లించే సిమ్ బాక్సులను చౌకగా వస్తుందని ఎవరో బిగించి ఇస్తారు, అవి పూర్తిగా చట్టవిరుద్ధం. పోలీసులు వచ్చేది అవి నడుస్తున్న గది యజమాని దగ్గరికే. ఇంటర్మీడియెట్ అడ్మిషన్ల కాలంలో తల్లిదండ్రులకు వరుసగా ఫోన్లు చేయించే కాలేజీలు ఇంకో విషయం గుర్తుపెట్టుకోవాలి. రిజిస్టర్ చేసుకోకుండా సిప్ లైన్ల మీద ప్రచార కాల్స్ చేసేవారి కనెక్షన్లన్నీ తొలగించి, రెండేళ్ల వరకు బ్లాక్‌లిస్టులో పెట్టాలని 2024 ఆగస్టులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. ప్రచార కాల్స్‌కు 140తో మొదలయ్యే నంబర్లు వేరుగా ఉన్నాయి. ఇక కాల్స్ రికార్డు చేసే అంగడి ఆ మాట ముందే చెప్పాలి. రోగి చెప్పుకున్న జబ్బు, రైతు చెప్పుకున్న అప్పు వాళ్లవే తప్ప అంగడివి కావు.

ఇంత చెప్పాక ఒక లోటును దాచిపెట్టలేను. 2011 జనవరి నుంచి సెల్‌ఫోన్ నంబరును దేశమంతటా ఒక కంపెనీ నుంచి ఇంకొక కంపెనీకి మార్చుకునే హక్కు మనకుంది. ఎస్‌టీడీ కోడుతో మొదలయ్యే ల్యాండ్‌లైన్ నంబరుకు ఆ హక్కు లేదు. 08682 నంబరును ఇంటర్నెట్ ఫోన్‌గా తీసుకుని బోర్డు మీద, బిల్లుబుక్కుల మీద, సంచుల మీద అచ్చు వేయించుకున్న వ్యాపారి, సేవ బాగాలేదని కంపెనీ మారదలిస్తే ఆ నంబరును వదులుకోవలసిందే. నా మిత్రుడు గుమస్తా చేతిలో పోగొట్టుకున్న నంబరును రేపు కంపెనీ చేతిలో పోగొట్టుకోవచ్చు. తీగతో సంబంధం లేకుండా నడిచే ఫోన్‌లో నంబరును ఒక కంపెనీ కట్టునుంచి విడిపించడానికి సాంకేతికంగా ఏ అడ్డంకీ లేదు అనలేకపోయినా, దాటలేని అడ్డంకి మాత్రం లేదు; సెల్‌ఫోన్ల విషయంలో అది చేసి చూపించాం. ట్రాయ్, టెలికాం శాఖ ల్యాండ్‌లైన్ నంబర్లకు కూడా పోర్టబిలిటీ, అంటే అదే నంబరుతో కంపెనీ మారే వీలు తేవాలి. జిల్లాల చాంబర్ ఆఫ్ కామర్స్‌లు, మిల్లర్ల సంఘాలు ఈ విషయం మీద ఒక్క వినతిపత్రమైనా పంపాలి. అది వచ్చేదాకా, ఇంటర్నెట్ ఫోన్ తీసుకునే వ్యాపారి ఒప్పందం మీద సంతకం చేసే ముందే సేవ ఆపేస్తే నంబరు ఎన్ని రోజులు తన పేర ఉంచుతారో, ఆ రోజుల్లో వచ్చిన కాల్స్‌ను కొత్త నంబరుకు మళ్లిస్తారో లేదో రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.