మెలి తిరిగే సిగ్నల్‌కు ఒక్క డిగ్రీ వంపు చాలు
హనుమకొండలో మా డాబా మీది డిష్‌ను కోతులు ఊపి పోతుంటాయి. కాస్త జరిగిందంటే బొమ్మ పోయినట్టే, మళ్లీ పైకెక్కి తిప్పుకోవాలి. 6జీ కబుర్లలో ‘ఆర్బిటల్ యాంగ్యులర్ మొమెంటమ్’, అంటే ఓఏఎం, అనే మాట కనబడితే నాకు ముందు ఆ కోతులే గుర్తొస్తాయి.

ఓఏఎంలో, తాడుకు పురి పెట్టినట్టు రేడియో తరంగం మెలి తిరుగుతూ పోతుంది. ఒక మెలిక ఒక మోడ్, రెండు మెలికలు ఇంకో మోడ్, ఇట్లా ఒకే ఫ్రీక్వెన్సీ మీద వేర్వేరు డేటా పంపొచ్చు. 2014లో 28 గిగాహెర్ట్జ్ మీద సెకనుకు 32 గిగాబిట్లు పంపి చూపించారు. దూరం మాత్రం రెండున్నర మీటర్లే!

ఇదంతా రెండు యాంటెన్నాలు సరిగ్గా ఎదురెదురుగా ఉంటేనే. 28 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 10.7 మిల్లీమీటర్లు. 30 సెంటీమీటర్ల గుండ్రటి యాంటెన్నా ఒక్క డిగ్రీ వంగితే ఈ అంచుకూ ఆ అంచుకూ 5 మిల్లీమీటర్ల పైనే తేడా, అంటే దాదాపు సగం తరంగం. మోడ్‌లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

దీనికి మందు బీమ్ స్టీరింగ్. గుండ్రంగా పేర్చిన చిన్న యాంటెన్నాల్లో ఒక్కోదాని ఫేజ్‌ను, అంటే తరంగం లేచి పడే వేళను, ముందుకో వెనక్కో జరిపితే, ఏదీ కదలకుండానే బీమ్ తిరుగుతుంది. వంగితే ఆ ఒక్క వైపు సరిచేస్తే సరిపోవచ్చు, పక్కకు జరిగితే రెండు వైపులా చేయాలి. పైగా గాలికి టవర్ ఊగుతున్నంతసేపూ కోణాన్ని కొలుస్తూనే ఉండాలి. ఇంత చేసినా ఒకటి మిగులుతుంది. ఈ బీమ్ గారె లాంటిది, నడుమ ఖాళీ, దూరం పోయేకొద్దీ వెడల్పవుతుంది, మెలికలు పెరిగితే ఇంకా ఎక్కువ. యాంటెన్నా బయట పడ్డ పవర్‌ను ఏ స్టీరింగూ వెనక్కి తేదు.

ఓఏఎం అంటే మైమోలో, అంటే రెండు వైపులా చాలా యాంటెన్నాలు పెట్టి ఒకేసారి వేర్వేరు డేటా పంపే పద్ధతిలో, ఒక రకమేనని 2012లోనే ఎడ్‌ఫోర్స్, జొహాన్సన్ అనే పరిశోధకులు వాదించారు. నాకూ అదే సబబనిపిస్తుంది. మరి దీని ప్రత్యేకత ఏంటంటే, మోడ్‌లను విడదీసే లెక్క తేలిక, కానీ యాంటెన్నాల వరస తప్పితే ఆ తేలికే పోతుంది. అందుకే స్టీరింగ్‌ను పక్క పరికరంగా చూడటం తప్పు, ఓఏఎం నిలబడేది దాని మీదే.

చేతిలో తిరిగే ఫోన్‌కు ఇది కుదిరే పని కాదు. టవర్ నుంచి టవర్‌కైతే కుదరొచ్చు. మేడారం జాతరకు తాత్కాలికంగా నిలబెట్టే టవర్ల లాంటి వాటికి గాలి తగిలినప్పుడు ఎంత స్పీడ్ మిగులుతుందో చెప్పమనండి, ల్యాబ్‌లో వచ్చిన గిగాబిట్ల సంగతి తర్వాత వింటాం.